పెళ్లికి ముందు హెచ్‌ఐవి పరీక్షను చట్టంతో తప్పనిసరి చేయాలా?

వానచినుకు:
నా మాట ముందే చెప్పేస్తాను. చేయాలి.

మా పిన్ని కూతురు నాకన్నా ఆరేళ్లు చిన్నది. పెళ్లయిన ఏడాదికి కడుపుతో ఉంది. మూడో నెలలో మామూలుగా చేసే రక్తపరీక్షల్లో హెచ్‌ఐవి పాజిటివ్ అని వచ్చింది. అంతకుముందు దానికి ఎవరితోనూ ఏ సంబంధమూ లేదు. భర్తను అడిగితే మొదట నాకేం తెలీదన్నాడు. తర్వాత బీరువాలో బట్టల కింద సగం వాడి వదిలేసిన మాత్రల డబ్బా దొరికింది. పైన లేబుల్ గోటితో గీకేసి ఉంది. పెళ్లికి మూడేళ్ల ముందునుంచే అతనికి తెలుసట.

ఒక్క కాగితం. పెళ్లి రిజిస్టర్ చేసే రోజు ఇద్దరూ ఒక్క రక్తపరీక్ష కాగితం చూపించాలని చట్టం ఉండి ఉంటే నా చెల్లెలికి ఇవాళ ఈ మాత్రలు మింగే అవసరం ఉండేది కాదు. దీన్ని ఎవరైనా ఎందుకు వద్దంటారో నాకు నిజంగా అర్థం కాదు.

నిలువుటద్దం:
పూర్తిగా ఏకీభవిస్తాను. బండి నడపడానికి లైసెన్స్ కావాలంటే కళ్లు పరీక్షిస్తారు. జీవితాంతం కలిసి ఉండబోయే మనిషి ముందు రక్తం చూపించడానికి అభ్యంతరం ఏమిటి?

ల్యాబ్ కోటు:
వానచినుకు గారూ, మీ చెల్లెలి సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, రోజూ ఈ పరీక్షే చేస్తాను. ఆమె విషయంలో పరీక్ష జరిగి ఉంటే అతని సంగతి బయటపడేదే, కాదనను. అయినా చట్టం వద్దంటాను.

వేలి కొస మీద గుచ్చి, ఒక చుక్క రక్తం స్ట్రిప్ మీద వేసి, పైన ద్రావణం పోస్తాం. పింక్ రంగు మెల్లగా పాకుతుంది. పదిహేను, ఇరవై నిమిషాలకు ‘సి’ అన్నచోట గీత పడిందంటే స్ట్రిప్ సరిగ్గా పనిచేసినట్టు. ‘టి’ దగ్గర గీత లేకపోతే నెగెటివ్. కానీ ఈ స్ట్రిప్‌లలో ఎక్కువ భాగం వెతికేది వైరస్‌ను కాదు, వైరస్ వచ్చాక ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి దొరికేంతగా తయారవడానికి మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పట్టొచ్చు. విండో పీరియడ్ అంటాం దీన్ని. పోయిన వారం వైరస్ సోకిన మనిషి ఇవాళ నా ఎదురుగా కూర్చుంటే నేను నెగెటివ్ అనే రాసిస్తాను. నా చేత్తో నేనే. ఆ కాగితానికి చట్టం ముద్ర పడితే ఇక దాన్ని అందరూ జీవితకాలపు హామీ అనుకుంటారు. పెళ్లయ్యాక సోకే వైరస్‌కు ఆ కాగితం అడ్డుపడదు కదా.

పాజిటివ్ వచ్చినా చిక్కే. లెక్క కోసం పదివేల మందిలో ఒక్కరికే వైరస్ ఉందనుకోండి, పరీక్ష వెయ్యిమందిలో ఇద్దరి విషయంలో మాత్రమే పొరబడుతుందనుకోండి. ఆ పదివేల మందిని పరీక్షిస్తే ఒక నిజమైన పాజిటివ్ పక్కన ఇరవై తప్పుడు పాజిటివ్‌లు తేలతాయి. అందుకే ఒక్క స్ట్రిప్ చూసి ఎవరికీ పాజిటివ్ అని చెప్పం. వేరే కిట్లతో మళ్లీ చూస్తాం. వరుసగా మూడు పరీక్షల్లోనూ పాజిటివ్ వస్తేనే నిర్ధారించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెళ్లి వారం ఉందనగా మొదటి స్ట్రిప్ మీద గీత పడితే, మూడోదాకా ఆగే ఓపిక ఏ ఇంట్లో ఉంటుంది?

ఈ చట్టాన్ని ఇప్పటికే ఒకచోట పెట్టి చూశారు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 1988 జనవరి నుంచి పెళ్లి లైసెన్సుకు హెచ్‌ఐవి పరీక్ష తప్పనిసరి చేసింది. మొదటి ఆరు నెలల్లో 70,846 మందికి పరీక్ష చేస్తే 8 మందికి పాజిటివ్ వచ్చింది. ఖర్చు సుమారు 25 లక్షల డాలర్లు. లైసెన్సులు 22.5 శాతం తగ్గాయి. పెళ్లిళ్లు ఆగిపోయి కాదు, చాలామంది పక్క రాష్ట్రాలకు వెళ్లి చేసుకున్నారు. 1989లో చట్టాన్ని ఎత్తేశారు.

వానచినుకు:
ఎనిమిది మంది అని తేలిగ్గా రాశారు. ఆ ఎనిమిది మంది పక్కన మరో ఎనిమిది మంది నిలబడి ఉంటారు, నా చెల్లెలి లాంటివాళ్లు. వాళ్ల ముందు డాలర్ల లెక్క చెప్పగలరా?

గోధూళి:
వానచినుకు గారూ, ఈ చర్చలో రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను పాజిటివ్. పన్నెండేళ్లయింది. నా భార్య నెగెటివ్. మా బాబు నెగెటివ్.

ఈ మూడూ ఒక ఇంట్లో ఎలా సాధ్యమని అడుగుతారు. రోజూ రాత్రి తొమ్మిదికి ఒక మాత్ర, అంతే. సరిగ్గా వాడితే సాధారణంగా ఆరు నెలల్లోపే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గిన స్థితిలోనే ఉన్నంతకాలం కలయిక వల్ల ఎదుటివారికి సోకదు. యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనాలు ఒకరు పాజిటివ్, ఒకరు నెగెటివ్‌గా ఉన్న జంటలను ఏళ్ల తరబడి గమనించాయి. మొదటిదాని ఫలితాలు 2016లో వచ్చాయి, అందులో స్త్రీపురుష జంటలూ ఉన్నాయి. పురుష జంటల మీద జరిగిన రెండోదాని ఫలితాలు 2019లో వచ్చాయి. ఆ రెండోదాంట్లో 782 జంటలు, కండోమ్ లేకుండా 76 వేలకు పైగా కలయికలు. రెంటిలోనూ మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు.

ఇప్పుడు ఆ గీకేసిన లేబుల్ గురించి. అది చదవగానే నా చేతులు వణికాయి. మొదటి ఏడాది నేనూ గీకేసేవాణ్ణి. స్నేహితులతో కలిసి ఒకే గదిలో ఉండేవాణ్ణి. మాత్రలు విటమిన్ సీసాలో పోసుకుని, గలగలమంటే ఎవరైనా అడుగుతారని పైన దూది కుక్కేవాణ్ణి. గదిలో ఎవరైనా మెలకువగా ఉంటే ఆ రాత్రి మాత్ర మానేసేవాణ్ణి. అలా మానేసిన రాత్రులు పెరిగితే వైరస్ మళ్లీ లేస్తుంది. అతను దాచడం తప్పు. దాచి పెళ్లి చేసుకోవడం ఇంకా పెద్ద తప్పు, అతన్ని వెనకేసుకురావడం లేదు. కానీ మీ చెల్లెలికి వైరస్ సోకింది అతను మాత్రలు మానేయడం వల్ల. దాచుకోవాల్సి రావడం వల్ల మాత్రలు మానేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. పాజిటివ్ కాగితం పట్టుకుని ఆఫీసు కౌంటర్ ముందు నిలబడాలనే చట్టం వస్తే మనిషి ఇంకా లోతుగా దాక్కుంటాడు.

నేను పెళ్లికి ముందే చెప్పాను. మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి చెప్పాను. తను లేచి వెళ్లిపోయింది. పది రోజుల తర్వాత ఫోన్ చేసి, మీ డాక్టర్‌ను నేనే కలుస్తాను అంది.

సూటిమాట:
ఇంత చర్చ ఎందుకు? పద్ధతిగా బతికేవాళ్లకు ఈ రోగం రాదు. కండోమ్‌లనీ మాత్రలనీ ప్రచారం చేసి పిల్లల్ని చెడగొట్టేది మీలాంటివాళ్లే.

వానచినుకు:
సూటిమాట గారూ, నా చెల్లెలు ఏ పద్ధతి తప్పిందో చెప్పండి. పేరుపేరునా చెప్పండి. డిగ్రీ చదివింది, పెళ్లి చేసుకుంది, భర్తతో కాపురం చేసింది. ఆసుపత్రిలో నర్సు అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? “నీకెవరితోనైనా...” అని. మీరు ఇప్పుడు రాసిన మాటే అది. పాజిటివ్ అన్న రోజుకన్నా ఆ ప్రశ్న అడిగిన రోజే ఎక్కువ ఏడ్చింది.

ల్యాబ్ కోటు:
పిల్లలు చెడిపోతారన్న భయానికి ఒక్క మాట. బళ్లలో లైంగిక ఆరోగ్యం గురించి చెబితే పిల్లలు తొందరపడతారా అన్నది యునెస్కో అనేక దేశాల అధ్యయనాలు ముందుపెట్టుకుని చూసింది. అలా జరగడం లేదని 2018లో తెచ్చిన మార్గదర్శకాల్లో రాసింది.

వానచినుకు:
నిన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడి, ఇక్కడ మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. గోధూళి గారు రాసింది మళ్లీ చదవమంది. తర్వాత అంది: “చట్టం అడిగితే దొంగకాగితం తెచ్చేవాడేమో అక్కా. నేను అడిగి ఉంటే? ఆ ప్రశ్న అడగొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.”

తెలిసీ దాచినవాడి విషయంలో నా కోపం తగ్గదు, తగ్గించుకోను కూడా. చట్టం మీద మాత్రం ముందున్నంత గట్టిగా లేను. పాపకు మొన్న పద్దెనిమిదో నెల పరీక్ష చేశారు, నెగెటివ్. కడుపులో ఉన్నప్పటినుంచే తల్లికి మందులు మొదలుపెట్టడం వల్లే అన్నారు.

ల్యాబ్ కోటు గారూ, మా తమ్ముడికి సంబంధం కుదిరింది. చట్టం లేకపోయినా వాడూ ఆ అమ్మాయీ పరీక్ష చేయించుకోవాలని నా కోరిక. ఎలా వెళ్లాలి, ఏం అడగాలి?

ల్యాబ్ కోటు:
పాప కబురుకు చాలా సంతోషమండీ.

ముందు మీరు వాళ్లిద్దరి దగ్గరా మాట ఎత్తండి, బలవంతం వద్దు. ఒప్పుకుంటే ఇద్దర్నీ కలిసే వెళ్లమనండి. జంటగా పరీక్ష చేయించుకుని ఫలితం కూడా పక్కపక్కన కూర్చుని వినే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 నుంచీ సిఫారసు చేస్తోంది. ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉంటుందా అని అడగమనండి. యాంటీబాడీతో పాటు యాంటిజెన్‌ను, అంటే వైరస్‌లోని ప్రోటీన్‌ను కూడా చూసే ల్యాబ్ పరీక్ష ఉంటే అది చేయించుకోవడం మేలు, విండో పీరియడ్ నలభై అయిదు రోజులకు తగ్గుతుంది. మధ్యలో ఏదైనా అనుమానం ఉంటే ఆ గడువు దాటాక మళ్లీ ఒకసారి. గత 72 గంటల్లోనే ప్రమాదం జరిగిందనుకుంటే మాత్రం పరీక్ష కోసం ఆగకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. వైరస్ సోకకుండా ఆపడానికి 28 రోజులు వాడే మందులున్నాయి.

అదే రక్తంతో సిఫిలిస్, హెపటైటిస్ బి కూడా చూడమనండి. ఈ రెంటినీ చాలామంది మర్చిపోతారు. హెపటైటిస్ బి లేదని తేలితే టీకా వేయించుకోవచ్చు.