అంతరిక్ష వారానికి నల్లజాతి వైమానికులు, వ్యోమగాముల ప్రదర్శన: ఎవరిని పెట్టాలి, ఏం చేయించాలి?

చంద్రగిరి సైన్స్ మేడం

అందరికీ నమస్కారం. అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారం కదా. మా హైస్కూల్లో ఒక గది మొత్తం నల్లజాతి వైమానికులు, వ్యోమగాములు, ఇంజినీర్లకు కేటాయించాలని అనుకుంటున్నాం. 8, 9 తరగతుల పిల్లలు ముప్పై మంది, చేతిలో మూడు వేల రూపాయలు. ఫొటోలు అతికించి పేర్లు బట్టీ పట్టించడం నాకిష్టం లేదు, పిల్లలు చేత్తో చేసి చూపించేవి కావాలి. ఎవరెవరిని తీసుకోవాలి, ఎవరికి ఏ మోడల్ సరిపోతుంది, నెట్‌లో తిరిగే తప్పులేమిటి? ఇంకొకటి: చూడటానికి వచ్చే తల్లిదండ్రులు "వాళ్లకూ మనకూ ఏం సంబంధం?" అని తప్పకుండా అడుగుతారు. దానికి పిల్లల దగ్గర గట్టి జవాబుండాలి.

రేణిగుంట రన్‌వే

మేడం, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. గది గుమ్మంలోనే గయన్ బ్లూఫోర్డ్‌ను పెట్టండి. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. 1983 ఆగస్టు 30న చాలెంజర్ షటిల్‌లో, ఎస్‌టీఎస్-8 యాత్రలో వెళ్లాడు. ఆ షటిల్ మోసుకుపోయిన ముఖ్యమైన సరుకు మన ఇన్సాట్-1బి. ఐదుగురు సిబ్బంది మరుసటి రోజే దాన్ని బయటికి వదిలారు. మన ఊళ్లలో దూరదర్శన్ కనిపించడానికి, వాతావరణ చిత్రాలు రావడానికి ఆ ఉపగ్రహమే ఆధారమైంది. అంతకుముందు 1982 ఏప్రిల్‌లో పంపిన ఇన్సాట్-1ఎ ఐదు నెలలు కూడా సరిగా నిలవలేదు. అందుకే 1బి మీద దేశం అంత ఆశ పెట్టుకుంది.

దాని పక్కనే శ్రీహరికోట అట్ట పెట్టండి. అదే 1983 ఏప్రిల్ 17న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ మన శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. బరువు 41.5 కిలోలు. ఇన్సాట్-1బి బరువు టన్ను పైనే, అదీ చేరాల్సింది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెద్దగా రాయించండి. వేరే దేశం షటిల్ ఎందుకు కావలసి వచ్చిందో చూడగానే అర్థమవుతుంది. ఇప్పుడు అదే శ్రీహరికోట ఏ స్థాయికి ఎదిగిందో మన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

షటిల్ రాత్రిపూట లేవడం కూడా ఎస్‌టీఎస్-8తోనే మొదలు. ఫ్లోరిడాలో తెల్లవారుజామున 2:32, మనకు మధ్యాహ్నం 12:02. ఇన్సాట్‌ను వదలాల్సిన చోటును, వేళను బట్టే ఆ రాత్రి ముహూర్తం కుదిరింది.

మోడల్ కావాలంటే థర్మాకోల్ షటిల్ చేయించి ఊరుకోకండి. ఉపగ్రహాన్ని వదిలే ముందు దాన్ని బల్ల మీద గిరగిరా తిప్పారు, తర్వాత స్ప్రింగులు బయటికి నెట్టాయి, దాదాపు 45 నిమిషాలకు కింది మోటారు మండింది. తిప్పడం ఎందుకంటే, మోటారు తోపు కాస్త పక్కకు పడినా ఆ తేడా ఒకే దిక్కున పోగుపడదు, ఇరుసు దిశ మారదు. దీన్ని పాత సైకిల్ ముందు చక్రంతో చూపించవచ్చు. ఇరుసుకు రెండు పక్కలా పట్టుకోవడానికి పైపు ముక్కలు బిగించాలి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు వేగంగా తిప్పాలి, పట్టుకున్నవాళ్లు ఇరుసును వంచి చూడాలి. ఆగి ఉన్న చక్రం సులువుగా వంగుతుంది, తిరిగేది మొండికేస్తుంది. ఇరుసు నట్లు వదులుగా ఉంటే చక్రం ఊగి ప్రయోగం చెడుతుంది. ఆకుల్లో వేళ్లు, జడలు, చున్నీలు పడకుండా పక్కన ఒక పెద్దవాళ్లు ఉండి తీరాలి.

తిప్పి వదలడంతో ఇన్సాట్ కష్టాలు తీరలేదని కూడా చెప్పించండి. దాని సౌరఫలక సరిగా తెరుచుకోక సెప్టెంబరు మధ్య దాకా ఇంజినీర్లు తంటాలు పడ్డారు.

మదనపల్లె లెక్కలు

నాసాలో కక్ష్యల లెక్కలు కట్టిన కేథరిన్ జాన్సన్ గారి దగ్గర ఫొటో కాదు, లెక్క పెట్టండి. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టాడు. బయలుదేరే ముందు, కంప్యూటర్ ఇచ్చిన అంకెలను ఆమె చేత్తో సరిచూడాలని కోరాడు. ఆమె చేసిన పని చాలా పెద్దది. అందులో ఒక కొసను 9వ తరగతి పిల్లలు పట్టుకోగలరు.

గ్లెన్ ఎత్తు సుమారు 159 నుంచి 265 కిలోమీటర్లు, సగటు 212. భూమి వ్యాసార్థం 6,371 కలిపితే 6,583. ఇప్పుడు 398600ను (భూమి ఆకర్షణ బలాన్ని చెప్పే స్థిరాంకం, కిలోమీటర్లు, సెకన్లలో) 6583తో భాగించి వర్గమూలం తీస్తే సెకనుకు 7.78 కిలోమీటర్ల వేగం. చుట్టుకొలత 2 × 3.1416 × 6583 = 41,362 కిలోమీటర్లు. దాన్ని వేగంతో భాగిస్తే సుమారు 5,316 సెకన్లు, అంటే 88.6 నిమిషాలు. అసలు యాత్రలో ఒక చుట్టు పట్టింది 88న్నర నిమిషాలే. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు, భూమి వ్యాసార్థం కలపకుండా 212నే వాడేయడం. అట్లా చేస్తే వేగం సెకనుకు 43 కిలోమీటర్లు వస్తుంది. ఆ తప్పు లెక్కను కూడా బోర్డు మీద వదిలి, ఎక్కడ చెడిందో చూసేవాళ్లనే కనుక్కోమనండి.

తర్వాత గ్లోబు. ఒక చుట్టు ముగిసేసరికి కింద భూమి 22 డిగ్రీలు తిరిగి ఉంటుంది (నిమిషానికి పావు డిగ్రీ చొప్పున). అందుకే రెండో చుట్టు దారి 22 డిగ్రీలు పడమరకు జరుగుతుంది. ఎర్ర ఊలు దారంతో మొదటి చుట్టు వేయండి: ఫ్లోరిడా, నైజీరియాలోని కానో, జాంజిబార్, హిందూ మహాసముద్రం, ఆస్ట్రేలియాలోని పెర్త్, మళ్లీ అమెరికా. దారం 32న్నర డిగ్రీల అక్షాంశం దాటకూడదు. జిగురు పెడితే దారం జారి వంకర పోతుంది, గుండుసూదులు వాడండి. రెండో, మూడో దారాలు వేశాక, సముద్రంలో దిగే గ్లెన్‌ను ఎక్కించుకునే ఓడ ఎక్కడ కాచుకోవాలో ముందే లెక్కగట్టడం ఎంత అవసరమో కళ్లకు కడుతుంది.

డొరొతీ వాన్‌ను మరవకండి. 1949 నుంచి లాంగ్లీలో (తర్వాత నాసా కిందికి వచ్చిన పరిశోధన కేంద్రం) చేత్తో లెక్కలు కట్టే నల్లజాతి మహిళా గణకుల విభాగానికి పెద్ద ఆమే.

పాకాల ఫిజిక్స్

మేరీ జాక్సన్‌కు గాలి సొరంగం, అంటే రెక్కలాంటి మోడల్ మీదుగా గాలిని పారించి చూసే గొట్టం. ఆమె లాంగ్లీలో 4 అడుగుల సూపర్‌సోనిక్ ప్రెషర్ టనెల్‌లో పనిచేసింది. ఇంజినీరు కావడానికి చదవాల్సిన తరగతులు తెల్లవాళ్ల బడిలో జరిగేవి, అందులో కూర్చోవడానికి ఊరి అధికారుల అనుమతి తెచ్చుకుంది. 1958లో నాసా మొదటి నల్లజాతి మహిళా ఇంజినీరైంది. 2020లో నాసా ప్రధాన కార్యాలయానికి ఆమె పేరు ప్రకటించారు.

20 సెంటీమీటర్ల చదరపు గొట్టం చాలు, మొత్తం మీటరు పొడవు. మధ్యలో 40 సెంటీమీటర్లు ఒక పక్క పారదర్శక షీట్, ఎదురు పక్క నల్ల చార్టు. చివర 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్, గాలిని బయటికి లాగేట్టు. చాలామంది ఫ్యాన్‌ను ముందు పెట్టి గాలిని ఊదిస్తారు. రెక్కలు గాలిని మెలితిప్పి పంపుతాయి, పొగ గీతలు చెదిరిపోతాయి. లాగితే ఆ మెలిక ఫ్యాన్ వెనకే ఉండిపోతుంది.

గాలి లోపలికి వచ్చే చోట స్ట్రాల జల్లెడ కావాలి. ప్లాస్టిక్ స్ట్రాలు 2022 నుంచి నిషేధం, కాగితం స్ట్రాలు తెచ్చుకోండి. 6 మిల్లీమీటర్ల స్ట్రాను 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే సుమారు 1,100 ముక్కలు పడతాయి. 20 సెంటీమీటర్ల స్ట్రాలైతే 280 దాకా. ఇంత ఓపిక పని కాబట్టి పదిమందికి పంచండి.

పొగకు అగరబత్తీలు. నాలుగింటిని రేకు మీద నిలబెట్టి జల్లెడకు 10 సెంటీమీటర్లు బయటే ఉంచాలి. దగ్గరైతే కాగితం అంటుకుంటుంది, లోపల పెడితే పుల్ల వెనక సుడి లేచి గీత తెగుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్ అతి తక్కువలో ఉండాలి. గాలి ఎక్కువైతే పొగ కలిసిపోతుంది, మరీ తక్కువైతే వేడికి పైకి లేస్తుంది. అతుకులన్నీ టేపుతో మూయండి. పైనుంచి టార్చి కొడితే గీతలు బాగా కనిపిస్తాయి.

థర్మాకోల్ రెక్క వెడల్పు 10 సెంటీమీటర్లు మించకూడదు, లేకపోతే గోడలు గాలిని నొక్కేస్తాయి. ముందు సమంగా, తర్వాత 5 డిగ్రీలు, ఆ పైన 15 డిగ్రీలు వంచి చూపించండి. చివరిసారి పై గీత రెక్కను వదిలేసి సుడులు తిరుగుతుంది. పైన దూరం ఎక్కువ కాబట్టి కింది గాలిని కలుసుకోవడానికి పై గాలి పరిగెత్తుతుందని గైడ్లలో రాస్తారు. అది తప్పు, పిల్లల చేత చెప్పించవద్దు. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది అంటే చాలు.

జార్జ్ కరుథర్స్‌ను కూడా పెట్టండి. ఆయన రూపొందించిన, బంగారు పూత వేసిన అతినీలలోహిత కెమెరా 1972 ఏప్రిల్‌లో అపోలో 16తో చంద్రుడి మీదికి వెళ్లి, భూమి చుట్టూ మెరిసే హైడ్రోజన్ పొరను ఫొటో తీసింది. మన గాదంకి రాడార్ వాతావరణాన్ని కింది నుంచి చూస్తే ఆయన కెమెరా బయటినుంచి చూసింది. నోట్లను పరీక్షించే యూవీ టార్చితో నోటు మీది అంకెలు మెరిపించి, మధ్యలో సన్‌స్క్రీన్ పూసిన పాలిథిన్ అడ్డం పెడితే మెరుపు తగ్గుతుంది. భూమి గాలి పొర అతినీలలోహిత కాంతికి అడ్డుపడటం అట్లాంటిదే. గాజు పలక అడ్డం పెడితే మాత్రం పెద్దగా తేడా రాదు, ఆ టార్చి కాంతిని మామూలు గాజు చాలావరకు వదిలేస్తుంది. టార్చి కళ్లలోకి పడనివ్వకండి.

చంద్రగిరి సైన్స్ మేడం

చాలా చాలా థ్యాంక్స్ సార్. సైకిల్ చక్రం, గ్లోబు, గాలి సొరంగం ఖాయం. నల్లజాతి మహిళా పైలట్ బెస్సీ కోల్‌మన్ కావాలని ఆడపిల్లలు పట్టుబడుతున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడిన నల్లజాతి టస్కెగీ పైలట్లు కాపు కాసిన బాంబర్ ఒక్కటీ కూలలేదని రాయొచ్చా?

రేణిగుంట రన్‌వే

రాయొద్దు మేడం. కనీసం 25 బాంబర్లు శత్రు విమానాల చేతిలో పోయాయని అమెరికా వైమానిక దళం రికార్డులే తేల్చాయి. వాళ్ల గొప్పతనానికి ఆ అబద్ధం అక్కర్లేదు. ఎర్ర తోకల పీ-51 యుద్ధ విమానాలు, వాళ్ల దళం 332వ ఫైటర్ గ్రూప్, దానికి బెంజమిన్ డేవిస్ నాయకత్వం, ఈ మూడూ రాయండి.

కోల్‌మన్‌కు పైలట్ లైసెన్సు వచ్చింది 1921 జూన్ 15న, ఫ్రాన్స్‌లో. అమెరికాలో ఏ బడీ చేర్చుకోకపోతే ఫ్రెంచి నేర్చుకుని మరీ వెళ్లింది. ఆమె విమానం నుంచి పడి చనిపోయిన 1926 ఏప్రిల్ 30న విమానం నడుపుతున్నది ఆమె కాదు, మెకానిక్. వదిలేసిన రెంచి కంట్రోళ్లలో ఇరుక్కుంది. కింద చూడటానికి వంగాల్సి ఉండటంతో ఆమె బెల్టు పెట్టుకోలేదు. ఆమె అట్ట కింద పనిముట్ల బోర్డు ఒకటి పెట్టండి: ప్రతి రెంచి, స్క్రూడ్రైవర్ ఆకారం నల్లగా గీసి మేకుకు తగిలించాలి. ఒకటి తీసేస్తే ఖాళీ నల్ల బొమ్మ వెంటనే కనిపిస్తుంది. హ్యాంగర్లలో ఇదే పద్ధతి.

ఇంకో ఆలోచన. 1932లో జేమ్స్ బ్యానింగ్, థామస్ అలెన్ లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్‌కు ఎగిరారు. గాలిలో 41 గంటల 27 నిమిషాలు, మొత్తం 21 రోజులు. మిగతా సమయంలో చాలావరకు పెట్రోలు డబ్బు పోగుచేయడానికే పోయింది, సాయం చేసినవాళ్ల పేర్లు రెక్క మీద రాయించారు. మీరూ అట్టరెక్క ఒకటి గుమ్మం పక్కన ఉంచి వచ్చినవాళ్ల చేత పేర్లు రాయించవచ్చు.

బ్లూఫోర్డ్ అట్ట మీద "మొదటి ఆఫ్రికన్ అమెరికన్" అనే ఉండాలి. ఆఫ్రికా మూలాలున్న మొదటి వ్యోమగామి క్యూబాకు చెందిన అర్నాల్డో తమాయో మెండెజ్, 1980 సెప్టెంబరు 18న సోయజ్ 38లో వెళ్లాడు. ఆయనకూ చిన్న అట్ట ఒకటి వేయించండి.