'ఇంపేషెన్స్' అంటే అన్నిచోట్లా 'అసహనం' అనేయొచ్చా? కావలి, ఒంగోలు వైపు వాళ్లు చెప్పండి

పదో తరగతి పిల్లల పదపట్టికకు ఈ మాట అర్థం తేల్చాలి. నిఘంటువు చూస్తే అసహనం, ఆతురత, ఓర్పులేమి అని ఉంటుంది. చిక్కేమిటంటే, పేపర్లలో 'ఇంటాలరెన్స్'కి కూడా అసహనమే. 'మత అసహనం' అని చదివిన పిల్లాడు, బస్సు రాలేదని గొణిగేవాడికీ అదే మాట చూస్తే రెండూ ఒకటే అనుకుంటాడు.

'ఇంపేషెంట్' పక్కన వచ్చే మాటను బట్టి ఇలా విడగొట్టాం. 'విత్' తర్వాత మనిషి వస్తే విసుగు, చిరాకు. 'ఎట్' తర్వాత ఆలస్యం వస్తే అసహనం. 'ఫర్' తర్వాత కావలసినది వస్తే ఆత్రం. చేపల పులుసు మర్నాటికి బాగా ఊరుతుందని తెలిసీ, దించీ దించకముందే గరిటె పెట్టేవాడిది ఆత్రమే. అందులో కోపం లేదు. 'టు' తర్వాత క్రియ వస్తే తహతహ. (ఆస్పత్రి 'ఇన్‌పేషెంట్' వేరు, అక్కడ 'ఎమ్' కాదు, 'ఎన్'.)

తేలనిది ఒకటుంది. ఆత్రపడ్డాడు, తొందరపడ్డాడు, విసుక్కున్నాడు అంటాం గానీ 'అసహనపడ్డాడు' అనం. 'అసహనం వ్యక్తం చేశాడు' అంటే వార్త చదివినట్టుంటుంది. 'ఓపిక లేదు' అందామంటే, జ్వరంతో లేవలేనివాడూ అదే అంటాడు. 'కాలుగాలిన పిల్లిలా' అన్నది తిరుగుడుకే సరిపోతుంది, కూర్చుని సణిగేవాడికి అతకదు.

బస్టాండులో గంటసేపు కూర్చుని సణిగేవాణ్ణి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? క్రియతో సహా, పూర్తి వాక్యంగా, ఏ ఊరి వాడుకో కూడా రాయండి.