పుస్తకాల జాబితాలో ‘కళ’ ముందు, ‘కవి’ తరువాత ఎందుకు వస్తున్నాయి?

గ్రంథపాలకుడు:
అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల పేర్లన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, అకారాది క్రమంలో పెట్టడానికి ఐదు గంటలుగా ప్రయత్నిస్తున్నాను. ఇంగ్లీషు పేర్లు పైన, హిందీవి వాటి కింద, తెలుగువి అట్టడుగున చేరుతున్నాయి. ‘కళ’తో మొదలయ్యేవి ‘కవి’, ‘కసి’ కంటే ముందు వస్తున్నాయి. నిఘంటువు చూసే అలవాటుతో వెతికే పాఠకులు పుస్తకం లేదనుకుని వెళ్లిపోతారు. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

కోడ్‌మిత్ర:
ఏ డేటాబేస్? ఏ కొలేషన్, అంటే అక్షరాల వరుసకు ఏ నియమం పెట్టారు?

అక్షరాభిమాని:
తప్పు మీది కాదండీ. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యను కేటాయించే ప్రమాణం యూనికోడు. అందులో తెలుగు అక్షరాల సంఖ్యలు 1988 నాటి ఇస్కీ అనే సంకేత ప్రమాణపు అమరికను అనుసరించాయి. ఇస్కీ భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఏర్పరచినది కనుక, అందులో ళ వచ్చి ల పక్కన, ఱ వచ్చి ర పక్కన చేరాయి. మనం బడిలో చదివింది ‘శ ష స హ ళ క్ష ఱ’ కదా. ఔ తరువాత రావలసిన సున్నకైతే అ కంటే ముందు సంఖ్య ఉంది. ఆ సంఖ్యలు అక్షరాలను గుర్తించడానికే గాని, వరుసను నిర్ణయించడానికి కావు.

కోడ్‌మిత్ర:
ఆయన అడిగింది చరిత్ర కాదు. వర్ణక్రమం ఎలా సరిచేయాలని.

అక్షరాభిమాని:
వర్ణక్రమం అంటే ఒక పదంలోని అక్షరాల కూర్పు, అంటే స్పెల్లింగు. ఇక్కడ కావలసిన మాట అకారాది క్రమమే. రెండింటినీ కలిపేస్తే కొత్తవారు తికమక పడతారు.

గ్రంథపాలకుడు:
క్షమించండి, ఏ డేటాబేసో చెప్పాలని తోచలేదు. పోస్ట్‌గ్రెస్ వాడుతున్నాను. కొలేషన్ దగ్గర ‘సి’ అని ఉంది.

కోడ్‌మిత్ర:
అదే కారణం. ‘సి’ భాషను చూడదు, బైట్ల విలువలను, అంటే ఆ యూనికోడు సంఖ్యల క్రమాన్ని మాత్రమే పోలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ 10వ వెర్షన్ నుండి ఐసీయూ కొలేషన్లు ఉన్నాయి; ఐసీయూ అంటే ఒక్కో భాష పద్ధతిలో వరుస పెట్టగల సాఫ్ట్‌వేర్. జాబితా తెచ్చే ఆదేశంలో ఆర్డర్ బై తరువాత పుస్తకం పేరున్న కాలమ్, దాని పక్కన కొలేట్ అని రాసి, ‘టీఈ-ఎక్స్-ఐసీయూ’ను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, జంట కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వండి. ఇండెక్స్ (వేగంగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) ఉంటే అదే కొలేషన్‌తో మళ్లీ కట్టండి; పాత ఇండెక్స్ ఈ వరుసకు పనికిరాదు.

అక్షరాభిమాని:
ఇంకొకటి కూడా చూసుకోండి. ‘రామ్‌కుమార్’ వంటి పేర్లలో పొల్లు విడిగా కనిపించడానికి కొందరు కంటికి కనబడని విభాజకాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. వరుస పెట్టేటప్పుడు ఐసీయూ దానిని లెక్కలోకి తీసుకోదు గాని, మామూలు వెతుకులాటలో ఆ రెండూ వేర్వేరు పేర్లే. జాబితా ఇప్పుడే శుభ్రం చేసుకోకపోతే ఒకే రచయిత రెండు చోట్ల కనిపిస్తాడు.

కోడ్‌మిత్ర:
అది వేరే ప్రశ్న.

అక్షరాభిమాని:
పాఠకుడికి వేరే ఎలా అవుతుందండీ? పుస్తకం దొరకకపోవడమే గదా రెండింటిలోనూ ఇబ్బంది.

గ్రంథపాలకుడు:
‘కళ’ ఇప్పుడు ‘కవి’, ‘కసి’ తరువాతకు వెళ్లింది, తెలుగు పేర్లు పైకి వచ్చాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు. విభాజకాల సంగతి రేపు చూస్తాను.