డీప్ స్ట్రైక్, 9 అంగుళాలు, ఛార్జ్ 8: మాట నిలవాలా, టేపు నిలవాలా?

టేపుకొలత:
వార్‌హామర్ 40,000 (బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట), పదో ఎడిషన్. డీప్ స్ట్రైక్‌లో, అంటే ఆట మధ్యలో నేరుగా బల్ల మీదకి, దిగే యూనిట్ (బొమ్మల దళం) శత్రు మోడళ్లకు (బొమ్మలకు) అడ్డంగా కొలిస్తే 9 అంగుళాల కంటే ఎక్కువ దూరంలో ఉండాలి. దించేటప్పుడు ఇద్దరూ "తొమ్మిది దాటింది" అనుకున్నారు. ఛార్జ్‌కి, అంటే శత్రువు మీదకి దూకడానికి, రెండు పాచికల మీద 8 పడింది, అంటే 8 అంగుళాలు కదలొచ్చు. మళ్లీ టేపు పెడితే సరిగ్గా 9 చూపిస్తోంది. ఛార్జ్ అందినట్టా? నేనైతే అందలేదంటాను. ముందు అనుకున్న మాటే లెక్క.

పాచికలలెక్క:
ఒప్పుకోను బ్రో. రూల్‌లో ఉన్నది దూరం, మాట కాదు. తేడా చిన్నదీ కాదు: సరిగ్గా 9 అంగుళాలైతే 8 పడితే చాలు, దాటితే 9 పడాలి. రెండు పాచికల 36 కలయికల్లో 8 లేదా ఆపైన వచ్చేవి 15, 9 లేదా ఆపైన 10 మాత్రమే. అంటే దాదాపు 42 శాతం, 28 శాతం. ఇంత తేడాని నోటిమాటకి వదిలేస్తామా?

టేపుకొలత:
టేపునే నమ్మినా మీ వాదన నిలవదండి. సరిగ్గా 9 అయితే ఆ యూనిట్ అక్కడ దిగకూడదు, ఎందుకంటే 9 కంటే ఎక్కువే ఉండాలి. 9.01 అయితే 8 కదిలాక 1.01 మిగులుతుంది, ఛార్జ్ అందాలంటే చేరాల్సిన ఎంగేజ్‌మెంట్ రేంజ్ 1 అంగుళమే. తప్పుగా దించి, ఆ తప్పుతోనే ఛార్జ్ గెలవడం కుదరదు.

పైగా రెండోసారి కొలత ఎంత నికరం? బేస్ (బొమ్మ నిలబడే పీట) అంచు ఏటవాలుగా ఉంటుంది, కింద వెడల్పు, పైన ఇరుకు. పై అంచు నుంచి కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వస్తాయి. ఇనుప టేపు కొక్కెం కావాలనే కొంచెం వదులుగా బిగిస్తారు, లాగి కొలిచేదానికీ ఆనించి కొలిచేదానికీ దాని మందం సరిపెట్టడానికి. గాల్లో పట్టుకుంటే ఆ సర్దుబాటు పోతుంది. 9 అంగుళాల గట్టి పుల్ల కోసుకుని, బేస్ కింది అంచుకి ఆనించి, పుల్ల అవతల సన్నటి వెలుతురు కనిపించేలా దించండి.

రూల్‌చదువరి:
ఇది కొలత గొడవ. మాటల్లో మెలిక వేరే. లోన్ ఆపరేటివ్ (దూరం నుంచి కాల్చనివ్వని రూల్) చూడండి: కాల్చే "మోడల్" 12 అంగుళాల్లో ఉండాలి, కాల్చే యూనిట్ కాదు. పదిమందిలో ముగ్గురే లోపల ఉంటే ఆ ముగ్గురే కాలుస్తారు. అదే "6 అంగుళాల్లో ఉన్న యూనిట్" అంటే ఒక్క మోడల్ లోపలుంటే చాలు, "పూర్తిగా లోపల" అంటే ప్రతి బేస్ మొత్తం ఉండాలి. ముందు ఆ నామవాచకం ఏదో చూడండి, సగం తగవులు అక్కడే తీరతాయి. ఒకరి టర్న్ మధ్యలో రెండు రూల్స్ ఒకేసారి వస్తే ఎవరి టర్న్ అయితే వాళ్లే వరస చెప్తారు. దానికి కూడా పాచిక వేసి టైం పాడుచేస్తున్నారు. ఇవన్నీ చూశాక కూడా తేలకపోతేనే పాచిక, అదీ ఛార్జ్ వేయకముందు.

పాచికలలెక్క:
దించడమే చెల్లదన్న మాట ఒప్పుకుంటాను. కానీ అవతలి వాళ్లు తల ఊపితే దాన్ని ఒప్పందం అనను. "తొమ్మిది దాటింది, 8 పడితే అందదు" అని పాచికలు వేయకముందే ఇద్దరూ పైకి అనుకోవాలి. అనుకోకపోతే నాకు టేపే లెక్క.