ఇంటి నుంచి చీరల బిజినెస్: రీసెల్లర్లను మన గ్రూపుల్లో ఎలా అడగాలి?

దేవరకొండ – ఇప్పుడు డాలస్

అందరికీ నమస్తే. మాది దేవరకొండ. పెళ్ళయి ఈ మధ్యనే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో, భర్తకో ఇచ్చే వీసా) మీద డాలస్ వచ్చాను. మా పిన్ని వాళ్ళది పుట్టపాక, బాబాయి మగ్గం నేస్తాడు. వాళ్ళ దగ్గర, చుట్టుపక్కల నేతవాళ్ళ దగ్గర ఇక్కత్ చీరలు తీసుకుని ఇంటి నుంచే అమ్మాలని ఉంది. డాలస్ దాటి నేనొక్కదాన్నే అమ్మలేను కాబట్టి న్యూజెర్సీ, అట్లాంటా వైపు ఉన్న మన ఆడవాళ్ళను రీసెల్లర్లుగా కలుపుకోవాలని ఆలోచన. తెలుగు ఆడవాళ్ళ గ్రూపుల్లో పెట్టడానికి ఇలా రాసుకున్నా:

"ఇంట్లో కూర్చునే మంచి సంపాదన! పెట్టుబడి లేదు, రిస్క్ లేదు. ఆసక్తి ఉన్న అక్కలు, చెల్లెళ్ళు ఇన్‌బాక్స్ చేయండి."

ఎవరికీ ఇబ్బంది కలగకుండా ఎలా అడగాలో తెలియట్లేదు. గ్రూపులో పెట్టాలా, ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ చేయాలా? బతుకమ్మ ఏర్పాట్ల కోసం చేసిన వాట్సాప్ గ్రూపులో చాలామంది నంబర్లున్నాయి, వాళ్ళను అడగొచ్చా? ఇంకా ఎక్కడా పెట్టలేదు. చెప్పండి ప్లీజ్.

నకిరేకల్ – ఇప్పుడు ఫ్రిస్కో

చెల్లె, పెట్టకముందే అడిగావు కాబట్టి మనసులో ఉన్నదంతా చెప్తా. నీ పని మంచిది. కానీ ఆ మూడు మాటలు చదివితే ఇక్కడున్న వాళ్ళెవరికీ చీరలు గుర్తుకు రావు.

ఎందుకంటే ఇక్కడ కొత్తగా దిగినవాళ్ళలో చాలామందికి ఒకటి ఎదురవుతుంది. ఇండియన్ స్టోర్‌లోనో, గుడి దగ్గరో ఒకరు పలకరిస్తారు. "మీరు తెలుగా? ఏ ఊరు? నల్లగొండా, అయ్యో మా మేనత్త వాళ్ళది మిర్యాలగూడ" అంటారు. ఊరు విడిచి వచ్చిన వాళ్ళకు ఆ మాటకే ప్రాణం లేచొస్తుంది. నంబర్ ఇస్తాం, ఇంటికి పిలుస్తాం. రెండు వారాలు పోయాక "ఒక బిజినెస్ ఉంది, మా మెంటార్‌ను ఒకసారి కలవండి" అంటారు. కంపెనీ పేరేంటి అంటే కలిశాక చెప్తామంటారు. అప్పుడు అర్థమవుతుంది, ఆ పలకరింపు మన కోసం కాదని. పైసలు పోవడం ఒక బాధ. తెలుగు వినబడితే పక్కకు తప్పుకునే అలవాటు రావడం దానికన్నా పెద్ద బాధ. ఒంటరిగా ఉన్న కొత్త కోడళ్ళు ఇట్ల తలుపులు మూసుకుని ఉండిపోవడం నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నీ పోస్టు చదివేవాళ్ళ వెనక ఆ అనుభవం ఉంటుంది. అందుకని ఏం అమ్ముతున్నావో, నువ్వెవరో, వాళ్ళు ఏం చేయాలో, వాళ్ళకు ఎంత వస్తుందో, వాళ్ళ చేతి నుంచి ఏమైనా పోతుందా అనేది పోస్టులోనే ఉండాలి. "ఇన్‌బాక్స్‌కు రండి చెప్తా" అనే మాట తీసెయ్. దాచేదేమీ లేనప్పుడు ఇన్‌బాక్స్ ఎందుకు? "రిస్క్ లేదు" అని కూడా రాయకు. చీరలు అమ్ముడుపోకుండా బీరువాలో ఉండిపోవచ్చు, పార్సెల్ తడిసి రావచ్చు. "మంచి సంపాదన" అనే మాట అసలే వద్దు, నువ్వు ఇంకా ఒక్క చీర కూడా అమ్మలేదు కదా. ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి సంపాదన మాటలను ఊరికే వదలదు, ఆధారం చూపించమంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మొహమాటం. మనవాళ్ళు "అక్కా, వదినా" అని పిలిచి అడిగితే కాదనలేరు. ఇష్టం లేకపోయినా "చూద్దాంలే" అంటారు. నువ్వు దాన్ని ఒప్పుకోలు అనుకుని రెండు రోజులకోసారి గుర్తు చేస్తావు. ఆ తర్వాత వాళ్ళు నీ ఫోన్ ఎత్తరు. ఎవరైనా "చూద్దాం" అంటే అది "వద్దు" అనే తీసుకో, మళ్ళీ అడగకు. నిజంగా కావాల్సిన వాళ్ళు వాళ్ళే వస్తారు. ఇంకో మాట, మీ అమ్మతో దేవరకొండలో వాళ్ళ అమ్మకు ఫోన్ చేయించకు. ఇది మనలో బాగా జరుగుతుంది. ఇక్కడ కాదన్న అమ్మాయికి అక్కడి నుంచి అత్తగారి ఫోన్ వస్తే ఆమె ఎంత ఇరుకున పడుతుందో ఆలోచించు.

బతుకమ్మ గ్రూపు నంబర్లు వద్దే వద్దు. వాళ్ళు పూలు ఎవరు తెస్తారు, ప్రసాదం ఎవరు చేస్తారు అని మాట్లాడుకోవడానికి నంబర్ ఇచ్చారు. అడగకుండా కొత్త గ్రూపులో చేర్చడం కూడా అంతే. విడివిడిగా మెసేజ్‌లు కాకుండా గ్రూపులోనే, అదీ అడ్మిన్‌ను అడిగిన తర్వాత, ఒక్కసారి పెట్టు. చాలా గ్రూపుల్లో వ్యాపారం పోస్టులకు ఒక రోజు కేటాయిస్తారు, పైన పిన్ చేసిన నియమాలు చదివితే తెలుస్తుంది. ఎవరో సీమంతం ఫోటో పెడితే కింద "అక్కా, మా దగ్గర మంచి చీరలున్నాయి" అని రాయొద్దు. ఎవరైనా "ఇక్కత్ ఎక్కడ దొరుకుతుంది" అని అడిగినప్పుడు చెప్పు, అదీ "నేనే అమ్ముతాను" అని ముందే చెప్పి.

రీసెల్లర్లను పిలుస్తున్నావు కాబట్టి వాళ్ళ చేతికి చీరతో పాటు దాని కథ కూడా ఇవ్వాలి. లేకపోతే "అంత రేటా" అని కొనేవాళ్ళు అడిగినప్పుడు వాళ్ళు తెల్లముఖం వేస్తారు. నూలుకు ముందే ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారని, అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుందని, డిజైన్ గీతల అంచులు కొంచెం అలుక్కుపోయినట్టు కనబడతాయని చెప్పు. ప్రింట్ చీర వెనక్కి తిప్పితే రంగు వెలిసినట్టు ఉంటుంది, ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. ఆసు పోయడంలో, అంటే ముడులు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ చుట్టే పనిలో, ఒక చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలని నీకు మీ పిన్ని వాళ్ళింట్లో చూసి తెలిసే ఉంటుంది. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నూనె పట్టించిన నూలుతో నేసే పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కు అంతకుముందే ఉంది. ఇవి తెలిసిన రీసెల్లర్ ధర గురించి సిగ్గుపడదు. అట్లనే మరమగ్గం మీద వచ్చినవి, ప్రింట్లు కూడా అమ్మితే వాటిని అలాగే చెప్పి అమ్మమను. మన నేతవాళ్ళ పేరు మీద ప్రింట్లు అమ్మితే దెబ్బ తగిలేది మీ బాబాయికే.

గద్వాల – ఇప్పుడు న్యూజెర్సీ

అక్క చెప్పినవన్నీ సరైనవే. నేను కాగితాల సంగతి చెప్తా, ఎందుకంటే మర్యాద అక్కడి నుంచే మొదలవ్వాలి.

అమ్మా, హెచ్-4 మీద ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) లేకుండా నువ్వు వ్యాపారం చేయడానికి లేదు. "జీతం తీసుకోను, ఇంటి నుంచే కదా" అన్నా తప్పించుకోలేం. 2015 మే నుంచి హెచ్-4 వాళ్ళకు ఈఏడీ ఇస్తున్నారు, కానీ అందరికీ కాదు. మీ ఆయన ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం అయి ఉండాలి, లేదా ఆయన హెచ్-1బీ ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉండాలి. మీ ఆయన పేరు మీద పెట్టి ఆయనే నడుపుదాం అనుకోకండి, హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చేయాలి. కార్డు చేతికొచ్చాకే మొదలుపెట్టు. ఈలోగా ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ను అడుగు, ఆ ఫీజుకు వెనకాడకు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు పిలిచే ఆడవాళ్ళ సంగతి కూడా ఇదే. గ్రూపులో సగం మంది ఈఏడీ లేని హెచ్-4 వాళ్ళు, ఎఫ్-1 మీద చదువుకునే పిల్లలు ఉంటారు. వాళ్ళకు తెలియక "సరే" అంటారు. రేపు గ్రీన్ కార్డు దరఖాస్తులో అనుమతి లేకుండా పని చేశారా అని అడిగినప్పుడు చెప్పాల్సింది వాళ్ళు. అందుకని "పని చేసే అనుమతి ఉన్నవారు మాత్రమే" అని పోస్టులోనే రాయి. వచ్చినవాళ్ళను ఒకసారి అడిగి, లేదంటే నువ్వే వద్దని చెప్పు. ఇంతకన్నా పెద్ద మర్యాద నాకు తెలిసి లేదు.

కస్టమ్స్ లెక్క కూడా వేసుకో. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేశారు, చిన్న పార్సెల్ మీద కూడా సుంకం పడుతుంది. చుట్టాల సూట్‌కేసుల్లో పంపిద్దాం అనుకుంటే, అమ్మకానికి తెచ్చే సరుకు సొంత సామాను కిందికి రాదు, విమానాశ్రయంలో చూపించాల్సిందే. ఆ ఖర్చు ధరలో ముందే కలుపు. తర్వాత రీసెల్లర్ కమిషన్ కోయడం బాగుండదు.

టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ పర్మిట్ కావాలి, దానికి ఫీజు లేదు. మా న్యూజెర్సీలో మామూలు బట్టలకు సేల్స్ ట్యాక్స్ లేదు, మీ దగ్గర ఉంది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లెక్క చూసుకోవాలి. రీసెల్లర్లకు వచ్చిన కమిషన్ వాళ్ళ ఆదాయమే, ట్యాక్స్ రిటర్న్ వేసేవాళ్ళు ఎంత వచ్చినా చూపించాలి, ఖర్చులు పోగా ఏడాదికి 400 డాలర్లు దాటితే వేరే ఆదాయం లేకపోయినా వాళ్ళు ట్యాక్స్‌లో చూపించాలి. ఈ మాట ముందే చెప్తే ఏప్రిల్‌లో నిన్ను తిట్టుకోరు.

వనపర్తి – ఇప్పుడు అట్లాంటా

నేను గద్వాల చీరలు రీసెల్లింగ్ చేస్తాను, గ్రీన్ కార్డు ఉంది. రీసెల్లర్ వైపు నుంచి రెండు మాటలు.

చేరడానికి పైసలు అడగకండి, "స్టార్టర్ కిట్" అని పది చీరలు ముందే కొనిపించకండి. ఇంకొకరిని చేర్పిస్తే కమిషన్ అనే మాట అయితే అసలు రానివ్వకండి. చీర అమ్మినందుకు వచ్చే డబ్బు వేరు, మనిషిని తెచ్చినందుకు వచ్చే డబ్బు వేరు. రెండోదానికి మన దేశంలో 1978 నుంచే నిషేధ చట్టం ఉంది, 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల్లో మళ్ళీ చెప్పారు. ఇక్కడ కూడా ఆదాయం ప్రధానంగా మనుషులను చేర్చడం మీదే ఉంటే దాన్ని పిరమిడ్ స్కీమ్ (గొలుసుకట్టు మోసం) కిందనే చూస్తారు. నేను ఒకరి దగ్గర ముందే డబ్బు కట్టి చీరలు తీసుకున్నాను. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోలేదు, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపిన డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పుడు పని చేస్తున్న ఆమె మాత్రం మొదట ఒక పేజీ పంపింది. ఒక్కో చీరకు నాకెంత, మరక పడితే ఎవరిది బాధ్యత, షిప్పింగ్ ఎవరు పెట్టుకుంటారు, ఎన్ని రోజుల్లో వెనక్కి పంపొచ్చు, నేను మానేయాలంటే ఏం చేయాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పేజీ చదివాకే నాకు టెన్షన్ పోయింది.

రీసెల్లర్ తన ఫేస్‌బుక్‌లో చీర కట్టుకుని ఫోటో పెడితే "అమ్మితే నాకు కమిషన్ వస్తుంది" అని రాయాలి. అలా రాయమని మీరే చెప్పండి. ఇంకా, ఈస్ట్ కోస్ట్‌లో ఉన్న వాళ్ళకు డాలస్ టైమ్ చూసుకుని రాత్రి ఫోన్ చేయకండి, మాకు గంట ముందే పొద్దుపోతుంది.

దేవరకొండ – ఇప్పుడు డాలస్

అక్కా, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. వీసా సంగతి అన్న చెప్పేదాకా నాకు ఇంత తెలియదు. మా ఆయన ఐ-140 ఆమోదం అయింది, ఈఏడీకి అప్లై చేశాం. కార్డు వచ్చేదాకా ఆగుతాం. ఈలోగా పోస్టు మళ్ళీ రాశాను, చూడండి:

"నమస్తే. మాది దేవరకొండ, ఇప్పుడు డాలస్‌లో ఉంటాను. పుట్టపాకలో మా బాబాయి, చుట్టుపక్కల నేతవాళ్ళు నేసిన ఇక్కత్ చీరలు అమ్ముతాను, ఇది నా సొంత వ్యాపారం. అట్లాంటా, న్యూజెర్సీలో ఇద్దరు ముగ్గురు రీసెల్లర్లు కావాలి. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. అమ్మిన చీరకు ధరలో 15 శాతం మీది. అమ్ముడుపోనివి 60 రోజుల్లోపు నా ఖర్చుతో వెనక్కి తీసుకుంటాను. ఎన్ని అమ్ముడుపోతాయో చెప్పలేను, నేనూ కొత్తే. అమెరికాలో పని చేసే అనుమతి ఉన్నవారు మాత్రమే. షరతులన్నీ ఒక పేజీలో రాశాను, కింద పెట్టాను. అడ్మిన్ గారి అనుమతితో పెడుతున్నాను. ఆసక్తి ఉంటే ఇక్కడే రాయండి, నేను ఎవరికీ విడిగా మెసేజ్ చేయను."

నకిరేకల్ – ఇప్పుడు ఫ్రిస్కో

బాగుంది చెల్లె. రెండే మార్పులు. 15 శాతం అనేది షిప్పింగ్ తీసేసిన తర్వాతా, ముందా అనేది రాయి, అందరూ మొదట అడిగేది అదే. ఇద్దరు ముగ్గురు దొరకగానే పోస్టు కింద "రీసెల్లర్లు దొరికారు" అని రాసి ఆపెయ్, ఆలస్యంగా చూసినవాళ్ళు ఎదురుచూడకుండా. అడ్మిన్‌కు ఈ పోస్టు, షరతుల పేజీ రెండూ ముందు పంపించు. ఆమె వద్దంటే ఎందుకని వాదించకు, వేరే గ్రూపు చూసుకుందాం. కార్డు రాగానే ఇక్కడ చెప్పు, మొదటి చీర నేను తీసుకుంటా, ఎరుపు నలుపు తేలియా అయితే ఇంకా మంచిది.