మణికొండలో పొద్దున్నే తుమ్ములు, అల్లెగ్రా పనిచేయడం లేదు: ఏం చేయాలి?

మణికొండ కొత్త మనిషి:
నమస్కారమండీ. న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ వచ్చి నెలైంది. అక్కడ ఏప్రిల్, మే నెలల్లోనే హే ఫీవర్ (పుప్పొడి ఎలర్జీ) ఉండేది, ఇక్కడ సెప్టెంబరులో పట్టుకుంది. లేవగానే వరసగా తుమ్ములు, కళ్ల దురద, ముక్కు నీళ్లలా కారడం. జ్వరం లేదు. రోజూ ఉదయం టిఫిన్ అయ్యాక ఎలర్జీ మాత్ర అల్లెగ్రా 120 వేసుకుంటున్నా, అంతంతమాత్రమే. తెచ్చుకున్న ఫ్లోనేజ్ ముక్కు స్ప్రే అయిపోయింది. మందులైనా, ఇంటి చిట్కాలైనా చెప్పండి.

తార్నాక మందుల షాపు:
ఈ ఊళ్లో ఎవరికి చెప్పినా "సైనస్ అయ్యుంటుంది" అంటారు, నమ్మకండి. పచ్చటి చిక్కటి చీమిడి, ముఖం నొప్పి, జ్వరం ఉంటే అప్పుడు సైనస్ సంగతి చూడొచ్చు. మీది ఎలర్జీలాగే ఉంది.

ఫ్లోనేజ్‌లోని ఫ్లుటికాసోన్ ఇక్కడ ఫ్లోమిస్ట్ పేరుతో దొరుకుతుంది. అదే పనికి వాడే మెటాస్ప్రేలో ఉండేది మొమెటాసోన్. రెండింటికీ ఒక్కో నొక్కు 50 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు మామూలుగా ఒక్కో రంధ్రంలో రెండు నొక్కులు, రోజుకు ఒక్కసారి. అదుపులోకి వచ్చాక ఒక్కో నొక్కు. ఇక్కడ ఈ స్ప్రేలు డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు, కాబట్టి ఒకసారి ఈఎన్‌టీకి చూపించుకోండి. రెండు రోజులు కొట్టి "పనిచేయలేదు" అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. పూర్తి గుణం కనబడటానికి వారం, రెండు వారాలు పడుతుంది.

కొట్టే పద్ధతి చాలామందికి తెలియదు. సీసా ఊపండి. కొత్తదైతే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లో నొక్కండి. తల వెనక్కి వాల్చకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడితే మొన దానంతటదే బయటి గోడ వైపు, చెవి దిక్కుకు తిరుగుతుంది. మధ్య గోడకు కొడితే పొక్కు కట్టి రక్తం వస్తుంది. నొక్కాక మెల్లగా పీల్చండి. గొంతులో మందు రుచి తెలిసిందంటే గట్టిగా ఎగబీల్చారన్నమాట.

ఓట్రివిన్, నాజివియన్ లాంటి చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు, అంతే. దాటితే చుక్క వేయకపోతే ముక్కు తెరుచుకోని పరిస్థితి వస్తుంది, అది వదిలించుకోవడం ఎలర్జీ కంటే కష్టం.

కొండాపూర్ పాతకాపు:
మందులు తర్వాత. ఇంటి పక్కన ఖాళీ ప్లాటు ఉందా? తెల్లటి చిన్న పూలతో నడుము ఎత్తు మొక్కలుంటే అది వయ్యారిభామ, పుప్పొడితో ఎలర్జీ తెప్పించే కలుపు మొక్క. వానలు పడ్డాక విరగబూస్తుంది. 1950ల్లో పుణె దగ్గర కనబడిన మొక్క, ఇప్పుడు లేని వీధి లేదు.

పక్క వీధిలో ఒక అద్దె కుటుంబానికి జరిగింది వినండి. కిటికీ కిందే ఆ మొక్కలు. ఓనరుకు చెబితే "ప్లాటు నాది కాదు" అన్నాడు. తీరా అది ఆయన బామ్మర్దిదే. నెల రోజులు తిప్పించి, చివరికి నిండుగా పూసి ఉన్నప్పుడు పొద్దున ఎనిమిదింటికి గడ్డి కోసే మెషిన్ పెట్టించాడు. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పుప్పొడంతా ఇళ్లలోకి. పై అంతస్తు పిల్లాడికి పిల్లికూతలు వచ్చి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చింది. పక్షం తిరక్కుండా మోళ్లు మళ్లీ చిగురేశాయి. ఆ కూలి డబ్బులు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోశాడు!

పూయకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. ఒట్టి చేతులతో పీకితే చర్మం దద్దుర్లెక్కుతుంది. ఎలర్జీ ఉన్న మనిషి అసలు ఆ పనికి దిగకూడదు. ఖాళీ ప్లాటు శుభ్రం చేయించాల్సింది యజమానే, మునిసిపాలిటీకి ఫొటోతో ఫిర్యాదు పెట్టండి.

ఉప్పల్ అన్న:
గడ్డి సంగతి సరే గానీ, రోడ్డు నడుమ కోనోకార్పస్ చెట్లు జూసిన్రా? అసలు దొంగ గదే. గుజరాత్‌ల 2023ల నాటుడు బంద్ జేసిన్రు.

కొండాపూర్ పాతకాపు:
గుజరాత్ ఆపితే ఈయన ముక్కుకు కారణం అదే అయిపోతుందా అన్నా? దేనికి పడదో చర్మం మీద సూదిమొనతో చేసే స్కిన్ ప్రిక్ టెస్టు చెబుతుంది.

ఉప్పల్ అన్న:
టెస్టు జేపిచ్చుకోనీ, నేనొద్దన్ననా? దానికి ముందు ఎలర్జీ గోలీలు వారం దినాలు ఆపాలె, లేకుంటే చర్మం మీద ఏం లేవదు, పైసలు దండుగ. ఫ్లోమిస్ట్ అసొంటి ముక్కు స్ప్రే ఆపే పని లేదు. ఇంకోటి, గా చేప ప్రసాదం గిట్ల అంటరు...

తార్నాక మందుల షాపు:
మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చేది ఉబ్బసానికని. ఎవరి నమ్మకం వారిది. దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ ఆపేయడమే ప్రమాదం.

మియాపూర్ పిన్ని:
బాబూ, మందులతో పాటు జలనేతి, అంటే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, చెయ్యి. కల్లుప్పు, అయోడిన్ లేనిది, మెత్తగా నూరి మూడు చెంచాలు, వంటసోడా ఒక చెంచా కలిపి డబ్బాలో పెట్టుకో. బేకింగ్ పౌడర్ కాదు సుమా! దాంట్లో ఒక చెంచా పావు లీటరు నీళ్లకు. మండితే పొడి తగ్గించు. నీళ్లు మాత్రం ఒక నిమిషం తెర్లనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చినవే. ట్యాంకరు, బోరు నీళ్లే కాదు, ఆర్వో నీళ్లు కూడా నేరుగా వద్దు. అవి తాగడానికి బాగుంటాయి గానీ, ముక్కులోంచి మెదడుకెక్కే అమీబాకు హామీ ఇవ్వవు. సింకు మీద వంగి, నోటితో గాలి పీల్చుతూ ముక్కు రంధ్రంలో పొయ్యి. స్ప్రే ఉంటే ముందు ఇది, తర్వాత స్ప్రే. ముక్కు పూర్తిగా బిగిసినప్పుడు, చెవి నొప్పి ఉన్నప్పుడు వద్దు.

ఆవిరి పడితే హాయిగా ఉంటుంది, ఎలర్జీ తగ్గదు. పసుపు పాలూ అంతే. తేనె మందు కాదు, ఏడాది లోపు పిల్లలకైతే అసలు పెట్టకూడదు. ఇంట్లో సాంబ్రాణి, దోమల చక్రం మానెయ్యి, ఉన్న ముక్కును ఇంకా రేపుతాయి. బయటి నుంచి రాగానే స్నానం, తలస్నానమైతే మరీ మంచిది. బట్టలు బాల్కనీలో ఆరెయ్యకు.

కొండాపూర్ పాతకాపు:
ఎండాకాలం కూలర్ వాడితే పిన్నిగారు చెప్పనిది ఒకటుంది. పాత గడ్డి మ్యాట్ నుంచి ముక్క వాసన వస్తే అది బూజే. సీజను మొదట్లో మ్యాట్లు మార్చండి, తొట్టి నీళ్లు నిలవుంచకండి.

తార్నాక మందుల షాపు:
జలుబు బిళ్లల గురించీ చెప్పాలి. సినారెస్ట్ లాంటి వాటిలో పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిసి ఉంటాయి. దాని మీద డోలో 650 వేస్తే పారాసిటమాల్ రెండింతలు, సెట్రిజిన్ వేస్తే మత్తు రెండింతలు. బండి నడపొద్దు. బీపీ ఉన్నవాళ్లు ఫినైలెఫ్రిన్‌కు దూరం. మాంటెయిర్ ఎల్‌సీ అనే ఎలర్జీ బిళ్ల నెలల తరబడి సొంతంగా మింగకండి. అందులోని మాంటెలుకాస్ట్‌తో నిద్ర పాడవడం, మనసు చెదరడం ఉన్నాయనే 2020లో అమెరికాలో గట్టి హెచ్చరిక వేశారు. ఎవరైనా కాగితంలో చుట్టి పేరు లేని చిన్న తెల్ల బిళ్ల ఇస్తే స్టెరాయిడేమో అడగండి. షుగర్ ఉన్నవాళ్లకు అది చాలా చేటు. ఛాతీ బిగుసుకుని ఊపిరి ఆడకపోతే ఇవేమీ వద్దు, 108.

అన్నట్టు కొత్తాయన, ఇన్ని చెప్పాం గానీ అడగాల్సింది అడగలేదు. అల్లెగ్రా దేనితో మింగుతున్నారు?

మణికొండ కొత్త మనిషి:
కింద బండి మీద తీసిస్తారండీ, బత్తాయి జ్యూసుతో. కడుపులో మంటగా ఉంటే వెంటనే డైజీన్ కూడా.

తార్నాక మందుల షాపు:
ఇదీ సంగతి. పళ్ల రసాలు అల్లెగ్రాలోని మందు ఫెక్సోఫెనడిన్‌ను ఒంట్లోకి సరిగ్గా పోనివ్వవు. డైజీన్, జెలుసిల్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం కూడా అంతే. రేపటి నుంచి మంచినీళ్లతోనే వేసుకోండి, జ్యూసు మధ్యాహ్నం తాగండి, డైజీన్‌కూ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచండి. స్ప్రే సంగతి వారం తర్వాత చూద్దాం.