తరుణాంగుళీ ‘ధూత’మా, ‘ధృత’మా?

ఆరుతీగలు:
సభ్యులందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక పద్యపాదం నన్ను వదలడం లేదు. నేను ఎలక్ట్రిక్ గిటార్ మీద పించ్ హార్మోనిక్స్ నేర్చుకుంటున్నాను. పిక్ మొన బొటనవేలి కింద బియ్యపుగింజంత మాత్రమే కనిపించేలా పట్టుకొని, తీగను కిందికి మీటిన మరుక్షణంలోనే బొటనవేలి అంచు ఆ తీగకు ఒరుసుకొనేలా చేస్తే, అసలు స్వరం అణగిపోయి దాని లోపలి నుంచి సన్నని కేక లాంటి పైస్వరం లేస్తుంది. మొదటి పదిహేను రోజులూ మొద్దు చప్పుడు తప్ప నాకేమీ రాలేదు. మొన్న రాత్రి మూడో తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటుతుంటే ఆ స్వరం ఒక్కసారి పలికింది. పలికిన వెంటనే, మా తాతయ్య తరచుగా చదివే, మనుచరిత్రలోని వరూధిని వీణ పద్యంలోని “తరుణాంగుళీ ధృత తంత్రీస్వనంబుతో” అన్న పాదం మనసులో మెదిలింది. వేలు పట్టిన తీగ నుంచి పుట్టే నాదం అన్న అర్థం నా బొటనవేలు చేస్తున్న పనికి అచ్చంగా సరిపోయింది. పుస్తకం నా దగ్గర లేదు. పాఠం ‘ధృత’మేనా? ఈ స్వరాన్ని చెప్పడానికి తెలుగులో మంచి మాట ఏదైనా ఉందా?

పాత అచ్చు:
పాఠం ‘ధూత’మండీ. మనుచరిత్ర ద్వితీయాశ్వాసంలో, ప్రవరుడు వరూధినిని మొదటిసారి చూసే చోట వచ్చే సీసపద్యం అది. “తరుణాంగుళీ ధూత తంత్రీస్వనంబుతో జిలిబిలి పాట ముద్దులు నటింప” అన్నాడు పెద్దన. ధూఞ్ ధాతువుకు కంపనం అర్థం. ‘అవధూత’లో ఉన్నదీ ఆ ధూతమే. లేత వేళ్ల చేత కదిలింపబడిన తంత్రి అని విడదీసుకోవాలి. ఇంకొక్క మాట: పై పాదం ‘అత్తమిల్లన్’ అని ద్రుతంతో, అంటే నకారంతో, ముగుస్తుంది కనుక, వరుసగా చదివేటప్పుడు ‘త’ బదులు ‘ద’ వచ్చి ‘దరుణాంగుళీ’ అని సరళం రావాలి. పాదాన్ని విడిగా ఉదాహరించాం గనుక మనమిద్దరం ‘త’కారం పలికాం.

గణయతి:
పాఠం విషయంలో పాత అచ్చు గారితో నాకు పేచీ లేదు. అయితే తాతగారి నోట ‘ధృత’ ఎందుకు నిలిచిందో గణాలు చూస్తే తెలుస్తుంది. “ళీధూత” తగణం, “ళీధృత” భగణం, రెండూ సీసపాదంలో ఆ చోట రాదగిన ఇంద్రగణాలే. యతి మూడో గణం మొదటి ‘తం’ మీద ఉంది కనుక దానికీ ఏ హానీ లేదు. పొట్టి ‘ధుత’ పెట్టినా భగణమే అవుతుంది, అర్థం కూడా చెడదు. ఆ ఒక్క అక్షరాన్ని కాపాడటానికి ఛందస్సు ఏ కాపలా పెట్టలేదు. పద్యం నోటి నుంచి నోటికి వెళ్లేటప్పుడు మాట జారేది సరిగ్గా ఇలాంటి చోట్లనే.

వైణిక:
నేను ముప్పై ఏళ్లుగా వీణ వాయిస్తున్నాను కనుక వేళ్ల వైపు నుంచి ఒక మాట చెబుతాను. ‘ధూత’మంటే కుడిచేతి మీటు అని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం అది ఎడమచేయి అనిపిస్తుంది. సంగీతరత్నాకరం చెప్పిన పదిహేను గమకాలలో, అంటే స్వరాన్ని అలంకరించే కదలికలలో, కంపితం ఒకటి. తీగను మెట్టు మీద ఊపి స్వరాన్ని కదిలించడం అది. పెద్దన వెంటనే తరువాతి పాదంలో “ఆలాపగతి చొక్కి” అంటున్నాడు. ఆలాపనకు ప్రాణం గమకమే తప్ప మీటు కాదు. కాబట్టి ధూతతంత్రి అంటే కంపిత గమకంతో ఊగుతున్న తంత్రి అని నా నమ్మకం. ఇక ఆరుతీగలు గారి ‘ధృత’ విషయానికి వస్తే, పట్టి ఉంచిన తీగ పలకదు కదండీ. మీ బొటనవేలు తీగ మీదే నిలిచిపోతే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఆరుతీగలు:
మీరు చెప్పింది నిజమేనమ్మా. వేలు నిలిస్తే స్వరం చచ్చిపోతుంది. అది తాకి వెంటనే తప్పుకోవాలి. మొదటి పదిహేను రోజులూ నేను చేసిన తప్పు అదే. ఎక్కడ తాకాలన్నది ఇంకా సూక్ష్మమైన సంగతి. నా గిటార్ తీగ పొడవు 25.5 అంగుళాలు; పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కితే పలికే భాగం అందులో సగం, అంటే దాదాపు 324 మిల్లీమీటర్లు. బ్రిడ్జి (కుడిచేతి వైపు తీగ ఆనే చోటు) నుంచి 81 మిల్లీమీటర్ల దూరంలో, అంటే నాలుగో వంతు దగ్గర తాకితే రెండు స్థాయిల పై షడ్జమం వస్తుంది. 65 దగ్గర, అంటే ఐదో వంతులో, దానిపై గాంధారం పలుకుతుంది. 54 దగ్గర, ఆరో వంతులో, పంచమం పలుకుతుంది. గాంధారానికీ పంచమానికీ మధ్య నా చేయి జరిగేది ఒక సెంటీమీటరు మాత్రమే. ఎడమచేతి ఫ్రెట్ మారితే ఈ చోట్లన్నీ మళ్లీ జరుగుతాయి. తీగ కదలికను పట్టే పికప్‌లలో బ్రిడ్జి దగ్గరిదాన్ని పెట్టి, ఆంప్‌లో డిస్టార్షన్ పెంచితే తప్ప ఆ సన్నని స్వరం నిలబడదు. ఇంత పని ఒక్క తాకుడులో ఉంది కనుక, ‘ధృత’ కాకపోతే ‘స్పృష్ట’ అనవచ్చునా?

గణయతి:
“ళీస్పృష్ట” తగణమే అవుతుంది కాబట్టి ఛందస్సు దాన్ని కూడా రానిస్తుంది. కానీ పెద్దన రాయని అక్షరాన్ని ఆయన పద్యంలో కూర్చోబెట్టే అధికారం మనకు లేదు. ‘తరుణాంగుళీ’ అనే మెత్తని మాట తరువాత ‘స్పృష్ట’ అన్న బిరుసు ఆయన పెట్టి ఉండేవాడు కాదని కూడా నేను గట్టిగా చెప్పగలను. అల్లసానివారి అల్లిక జిగిబిగి అని ఊరికే అనలేదు.

పాత అచ్చు:
వైణిక గారు మన్నించాలి. ఎడమచేతి గమకమన్న ఊహ అందంగా ఉంది కానీ, అదే పద్యం అందుకు అడ్డు చెబుతోంది. “కాయలుత్తుంగ కుచపాళి నత్తమిల్ల” అన్న పాదంలోని కాయలను గమనించండి. అవి వీణకు కట్టిన బుర్రలు, అవి ఆమె ఎదకు ఆనుతున్నాయి. అంటే వరూధిని చేతిలో ఉన్నది భుజానికి ఎత్తి పట్టే వీణ; మీరు ఒడిలో పెట్టుకొని వాయించే వీణ కాదు. స్థిరమైన 24 మెట్ల తంజావూరు వీణకు రూపం ఇచ్చినవాడిగా సంప్రదాయం చెప్పేది రఘునాథ నాయకుణ్ని. ఆయన పాలనాకాలం 1600 నుంచి 1634 వరకు, అంటే కృష్ణదేవరాయల తరువాత దాదాపు ఒక శతాబ్దం. నేటి వీణ మీది చేతివాటంతో నాటి పద్యానికి అర్థం చెప్పకూడదు. పైగా సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో ఆమె చేతి రత్నకటకాల ఝణఝణధ్వని తాళం వేస్తోంది. కంకణం అలా మోగాలంటే మీటే చేయి ఆడుతూ ఉండాలి. ధూతమన్నది ఆ చేతి పనే.

వైణిక:
బుర్రల సంగతి మీరు చెప్పేదాకా నేను గమనించలేదు, ఒప్పుకుంటాను. అయినా ఎత్తి పట్టే వీణ మీద గమకం లేదని ఎవరూ అనలేరు. గమకం పలికించే చేతికి కూడా కంకణం ఉంటుంది, అదీ మోగుతుంది. నా మాట మీద నేను ఉన్నాను.

జిలిబిలి:
ఇంతమంది ‘ధూ’ దగ్గరే ఆగిపోయారు. పాదం రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నన్నడిగితే ఆరుతీగలు గారికి కావలసిన మాట ‘జిలిబిలి’లో ఉంది. దానికి ముద్దైన, సుకుమారమైన అన్న అర్థం మనందరికీ తెలిసిందే. నాకు ఆ మాటలో ఎప్పుడూ సన్నని మెరుపు వినిపిస్తుంది; పెద్ద స్వరం చుట్టూ చిన్న స్వరాలు తళుక్కుమన్నట్టు ఉంటుంది. తంత్రీస్వనం మూలస్వరం, దాని మీద ఆడేది జిలిబిలి పాట. ముద్దులు ‘నటించడం’ అన్న ప్రయోగాన్ని చూడండి: పాట పాడబడటం లేదు, దాని ముద్దుతనం తీగ మీద నాట్యం చేస్తోంది. శబ్దాన్ని కంటికి కనిపించేలా చేయడం పెద్దనకు ఉన్న గొప్ప విద్య. “అటజని కాంచె” పద్యంలో అలల హోరు మృదంగమై నెమళ్లను ఆడించినప్పుడు కూడా ఆయన చేసింది ఇదే.

పాత అచ్చు:
పద్యంలో జిలిబిలి పాటకు విశేషణం, తీగకు కాదు. అన్వయం చెడగొట్టి అందం సాధించకూడదు.

ఆరుతీగలు:
నా రెండో ప్రశ్న మిగిలిపోయింది. హార్మోనిక్‌ను కళాశాల భౌతికశాస్త్రంలో ‘అనుస్వరం’ అని చదువుకున్న గుర్తు. పించ్ అంటే గిల్లడం కనుక, దానికి ‘గిల్లు’ చేర్చి ‘గిల్లు అనుస్వరం’ అనవచ్చునా?

గణయతి:
‘అనుస్వరం’ అనగానే సగం మంది ‘అనుస్వారం’ అనుకొని సున్న దగ్గరికి వెళ్లిపోతారు. ‘గిల్లు’ విషయంలో కూడా నాకు అనుమానమే. గిల్లడానికి రెండు వేళ్ల గోళ్ల మధ్య ఏదైనా పడాలి. మీరు పిక్‌తో మీటి బొటనవేలితో ఒరుస్తున్నారు కనుక అది ‘ఒరపు’. మా ఇంట్లో ‘గిచ్చు’ అంటారు, అదీ ఇక్కడ కుదరదు.

వైణిక:
మా విద్యలో దీనికి దగ్గరి మాట ఉంది: స్వయంభూ స్వరం. తంబురా మంద్ర తంత్రిని మీటి చెవి ఒగ్గితే, ఎవరూ మీటని అంతర గాంధారం దానంతట అదే వినిపిస్తుంది. మీరు ఐదో వంతు దగ్గర పట్టుకున్నది ఆ గాంధారాన్నే. తీగలో అది ముందే ఉంది. మీ వేలు మిగతావాటిని అణచి దాన్ని మాత్రం బయటపెట్టింది. అందుకే నాకు ‘గిల్లు’ నచ్చదు, ఆ స్వరం గిల్లితే పుట్టింది కాదు.

జిలిబిలి:
వేలు తాకితేనే వినబడేదాన్ని స్వయంభువు అనడం ఎలా కుదురుతుందమ్మా?

ఆరుతీగలు:
నిన్న ఊరికి ఫోన్ చేసి తాతయ్య రాతపుస్తకం వెతికించాను. పద్యం దొరికిందట. ‘ధ’ కింద కొమ్ము దీర్ఘమా, ఋత్వమా అన్నది తేల్చలేకపోతున్నానని, అక్కడ సిరా పాకిందని అమ్మ చెప్పింది. రేపు ఫొటో పంపుతుంది.

పాత అచ్చు:
ఫొటో తీసేటప్పుడు పై పాదం చివర కూడా కనిపించేలా తీయమనండి. ‘అత్తమిల్ల’ తరువాత ఆయన అరసున్న పెట్టారా, దాని కింద ‘దరుణ’ అని రాశారా అన్నది చూడాలి. సరళాదేశం పాటించిన చేయి అయితే ఆ పక్క అక్షరాన్ని ‘ధృ’ అని ఊరికే రాసి ఉండదు.